నెమలికి తలవంచని రాయి

వినండి తల్లీ, వినండి నాయనా! కుమారస్వామి నొసటికి వజ్రం ఎంచి తెచ్చే భాగ్యం అడవి మొత్తంలో నెమలికే దక్కింది. పొరపాటున గాజుపెంకు తెస్తే ఇక స్వామి ముందు తలెత్తగలదా?

రాళ్లమ్మే గోరింక రెండు రాళ్లు తెచ్చి నెమలి పింఛం మీద పెట్టింది. పెద్దరాయిలోంచి నెమలికన్ను చక్కగా కనిపించింది.

“చూశావా బావా, నీ అందమంతా ఇందులోనే ఉంది! ఆ చిన్నదాని కింద నీ పింఛమే కనబడదు. వట్టి పొగరుబోతు రాయి!”

నెమలికి ఒళ్లు మండింది. నా రంగునే కప్పేస్తుందా అని వంగి చూసింది. చిన్నరాయి తన వెలుగుతో తాను ధగధగలాడుతోంది. నెమలి మెడ నిక్కింది.

“అవతలిది చూపించేది గాజు, మరదలా! తన వెలుగే చూపించేది వజ్రం. నాకే తలవంచని రాయి నా స్వామికి తగినది!”

చిన్నరాయిని ముక్కున కరచుకుని, పురి విప్పి, స్వామి ఉండే కొండెక్కింది.