పగడంలో పీతల కాపురం

"పగడమంటే ఉంగరంలో రాయి గదా సార్, దాంట్లో పీతలు యాడ కాపురముంటాయి?" అని నాజియా అడగ్గానే నాగేష్‌కు చెమటలు పట్టాయి.

మామూలు రోజయితే కసిరి కూర్చోబెట్టేవాడే. ఈ రోజు వెనక బెంచీలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దసారు ఉన్నాడు. పాఠం బాగుంటే పులివెందుల కాలేజీలో జువాలజీ ఉద్యోగం ఇంకో ఏడాది ఉంటుంది. లేదంటే ఇంటికే.

పగడానికి ప్రాణం ఉంటుందని, దాని కొమ్మల సందుల్లో చిన్న పీతల కుటుంబం బతుకుతుందని, పగడం వాటికి ఇల్లూ తిండీ ఇస్తుందని, పగడాన్ని తినడానికి నక్షత్రచేప వస్తే పీతలు దాని కాళ్లు గిల్లి తరిమేస్తాయని పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాడు. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. వాళ్లను అని ఏం లాభం? మైలవరం డ్యాము తప్ప పెద్ద నీళ్లే చూడని సారు సముద్రం గురించి చెబుతున్నాడు మరి. పెద్దసారుకు కునుకు పట్టింది.

కొంప మునిగేట్టుందని నాగేష్‌కు అర్థమైంది. ఊరికి పోయొచ్చినప్పుడల్లా ఒంటికి పట్టిన గొర్రెల వాసన తెలియకుండా సెంటు కొట్టుకుని మూడేళ్లుగా దాస్తున్న సంగతి కాస్తా కక్కేశాడు.

"మా నాయన గొర్రెలు కాస్తాడు. రాత్రిళ్లు రైతు చేన్లో మంద కడతాడు. గొర్రెల పెంట చేనుకు ఎరువు, బదులుకు రైతు మాకు గింజలిస్తాడు. ఒకరుంటేనే ఇంకొకరు. పీతా పగడమూ అంతే."

పిల్లలు పకపకా నవ్వి, అర్థమైందన్నారు. పెద్దసారు కళ్లు తెరిచాడు. ఊరేదో, గొర్రెలెన్నో అడిగి మరీ రాసుకున్నాడు. చదువంటే ఇంత శ్రద్ధ ఉన్న అధికారిని నాగేష్ ఎన్నడూ చూడలేదు.

మూడో రోజుకల్లా ఉద్యోగం పొడిగించినట్లు కాగితం వచ్చింది. కింద 'బోధన అద్భుతం' అని ఉంది. సముద్రం చూడకుండానే సముద్రం ఈదేశానని తన భుజం తానే తట్టుకుని, మైసూరుపాకు కొనుక్కుని జమ్మలమడుగు బస్సెక్కాడు.

ఊళ్లో తల్లి బాలనాగమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, తన పాఠం ఎంత గొప్పదో అరగంట చెప్పాడు. ఆమె మైసూరుపాకు తింటూ ఓపిగ్గా విన్నది. నాయనకు కూడా చెబుదామని పెరట్లోకి చూస్తే దొడ్డిలో ఒక్క గొర్రె లేదు.

"నాయన యాడికి పాయమ్మా?"

"మీ పెద్దసారు చేనికి మంద తోలుకోని పాయ నాయనా. నీ పాఠమైన మాపటికే ఆయప్ప ఇంటికొచ్చి, నెల దినాలు ఊరికే మంద కడితే నీ పనికి ఢోకా లేదని చెప్పిపాయ."