మురుగు దొంగ

"నీళ్లెత్తుకుపోయే దొంగల్ని చూశాను గాని, మురుగెత్తుకుపోయే దొంగని ఇప్పుడే చూస్తున్నా!" పార భుజాన వేసుకుని భంవర్‌సింగ్ నిమ్మతోటలోకి దూసుకొచ్చాడు మూలారామ్.

భంవర్‌సింగ్ హుక్కా పక్కన పెట్టాడు. "రామ్ రామ్ అయినా అనకుండా మీద పడ్డావేం? పొద్దున్నే ఎవరి మొహం చూశావు?"

"నీ చెట్ల మొహమే చూశా. ఊరంతా ఎండి బీటలు వారుతుంటే ఇవి నిగనిగలాడుతున్నాయి. మా గొట్టం నీ కంచె పక్కనుంచే పోతుంది. కన్నం ఎక్కడ పెట్టావు?"

ఊరి చివర ఇసుకలో కొత్తగా కట్టిన మురుగునీటి శుద్ధి కేంద్రానికి కాపలాదారూ, పంపు నడిపేవాడూ కూడా మూలారామే. ఇంటింటికీ గొట్టాలు వేశారు. మురుగును తినే సూక్ష్మజీవుల్ని జోధ్‌పూర్ నుంచి డబ్బాల్లో తెచ్చి ట్యాంకులో వదిలారు. తీరా చూస్తే ట్యాంకులో మురుగు చీలమండ దాటడం లేదు. మేత లేక అవి చస్తున్నాయి. రేపు ఇంజనీరు వస్తున్నాడు. ఇలాగే కనబడిందా, కేంద్రానికి తాళం పడుతుంది, ఉద్యోగం మీద మూలారామ్ ఆశ వదులుకోవలసిందే.

"తవ్వుకో" అన్నాడు భంవర్‌సింగ్. "కన్నం దొరికితే నా తలపాగా తీసి నీ కాళ్ల దగ్గర పెడతా. దొరక్కపోతే?"

"ఇంకొకణ్ణి పట్టుకుంటా. వాడెవడైనా సరే, ఊరంతా చూస్తుండగా ట్యాంకు గట్టున ముక్కు నేలకు రాయిస్తా!"

తవ్వాడు. గొట్టం చుట్టూ ఇసుక పొడిపొడిగా ఉంది. పారతో కొడితే ఖంగుమంది. లోపల ఏమీ పారడం లేదన్నమాట.

"దొంగ ఇంకా ఎగువన ఉన్నాడు" అని గొణిగాడు.

"నా చెట్లకి పోసేది బోరు నీళ్లు. వెళ్లేముందు ఆ గొయ్యి పూడ్చి వెళ్లు" అన్నాడు భంవర్‌సింగ్, మళ్లీ హుక్కా అందుకుంటూ.

మూలారామ్ గొట్టం వెంబడే ఊరివైపు నడిచాడు. బడి దగ్గర మ్యాన్‌హోల్ మూత ఎత్తాడు. అడుగున తడి మరక. మిఠాయి కొట్టు ముందు ఎత్తాడు. ఆ మరక కూడా లేదు. తలెత్తి కొట్టువాడి వంక అదోలా చూశాడు.

"అందులోకి తొంగిచూసి నన్ను చూస్తావేమయ్యా? జిలేబీ పాకం దాంతో పడుతున్నానా ఏం?" అని ఇంతెత్తున లేచాడు కొట్టువాడు.

చివరికి మూలారామ్ సొంత వీధిలోకే వచ్చాడు. అక్కడ మూత ఎత్తితే లోపలినుంచి తొండ ఒకటి తల ఊపింది. అంటే దొంగ ఇక్కడే ఉన్నాడు! ఇరుగుపొరుగు గోడలన్నీ ఒక్కొక్కటే పరికించాడు. ఎవరి గోడ వెనక మోటారు నక్కి ఉందో?

"ఒళ్లంతా ఇసుకే. ముందు స్నానం చేయండి" అంటూ భార్య ధాపు వాకిట్లో నులకమంచం వాల్చింది.

ఎప్పటిలాగే మంచం మీద చతికిలబడి నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకున్నాడు. "రేపు నా ఉద్యోగం పోతుందే! ఇంతమంది స్నానాలు చేస్తున్నారు, బట్టలు ఉతుకుతున్నారు. ఆ నీళ్లన్నీ ఏ దొంగ మింగేస్తున్నాడో!"

"ఉసూరుమంటూ కూర్చుంటే దొరుకుతాడా? దొరికాక బాగా తిట్టండి" అంది ధాపు.

"తిట్టడమా! ముక్కు అరిగేదాకా నేలకు రాయిస్తా" అంటూ సబ్బు కోసం చెయ్యి చాచాడు.

ధాపు చటుక్కున సబ్బుపెట్టె వెనక్కి లాక్కుని, మంచం కింద నిండుతున్న తొట్టిని కాలితో సరిగ్గా జరిపింది.

"సబ్బు జోలికి పోకండి. పక్కింటివాళ్ల మేకలా కాదు, మనది నురగ కనిపిస్తే మూతి పెట్టదు."