రక్షణ పాయింట్లు

మరమగ్గాల పేట ఉధ్నాలోని ఆ గదిలో ఇద్దరికీ చాప ఒకటే, ఆన్‌లైన్ ఆటలో డాలు పట్టిన యోధుడూ ఒక్కడే. రాత్రి షిఫ్టు పరమేశ్ పగలు పడుకుని ఆడేవాడు, పగటి షిఫ్టు ప్రణయ్ రాత్రి ఆడేవాడు. కరోనాతో పరమేశ్ పోయి నెలయింది.

నిన్నటి అప్‌డేట్‌లో డాలు యోధుల రక్షణ సగానికి తగ్గించారు. ప్రణయ్ విసిగి, పాయింట్లన్నీ దాడికి మార్చేసి, పొద్దున గదికి తాళం వేసి కార్ఖానాలో మరమగ్గాల, అదే సాంచాల మీదికి వెళ్ళాడు.

రాత్రి ఎనిమిదింటికి వచ్చి, తాళం తీసి, ఆట తెరిచాడు. పాయింట్లన్నీ మళ్ళీ రక్షణలో ఉన్నాయి. పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే.

"కొట్టుడు తర్వాత తమ్మీ, మొదలు తట్టుకునుడు నేర్చుకో" అనేవాడు పరమేశ్.

షిఫ్టు మారే వేళ. బయట సాంచాల మోత కాసేపు ఆగింది. ప్రణయ్ మెల్లగా చాప మీద చెయ్యి పెట్టాడు.

ఎవరో ఇప్పుడే లేచి డ్యూటీకి పోయినట్టు, వెచ్చగా ఉంది.