ఎడమ కనుబొమ మీద గాటు

"ఏరా, మళ్ళీ కింది నుంచే తీశావా? గడ్డం కొండంత, నుదురు గోరంత. ఇలా తీస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టదు."

బావ ఫోన్ని చేతంత దూరంలో పెట్టుకుని చూస్తున్నాడు. కళ్ళు మసకబారి స్టూడియో మూసేసుకున్నాడు గానీ, వంకలు పెట్టడంలో ఆయన చూపు ఇసుమంత కూడా తగ్గలేదు.

పొట్టిబాబు పీట మీద చతికిలబడ్డాడు. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. పొట్టిబాబు అన్నది ఎత్తు తక్కువని ఆఫీసులో పెట్టిన పేరు. మెల్లగా ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది.

"అన్నం దగ్గర ఆ ఫోన్ తియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" వంటింట్లోంచి అక్క కసిరింది.

బావ ఫోన్ బోర్లా పెట్టాడు. అక్క అటు తిరగ్గానే మళ్ళీ ఎత్తాడు.

పొట్టిబాబు అసలు ఉద్యోగం అటెండరు. ఫొటోలు తీసేవాడు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవర్నీ వెయ్యలేదు. "నీకు ఫోనుందిగా, నువ్వే నొక్కెయ్" అన్నాడు పెద్ద క్లర్కు. ఆ పని అలా మెడకు చుట్టుకుంది.

ఎవరెవరో తెచ్చి దింపి వెళ్ళినవాళ్ళు. పేరూ ఊరూ చెప్పలేనివాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక్కో ఫొటో తీసి, వరండాలో బోర్డుకి అంటించాలి. ఇంట్లో మనిషి కనపడక వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆ బోర్డు చూస్తారు. పోల్చుకుంటే ఇంటికి తీసుకెళ్తారు. పది రోజుల్లో ఎవరూ రాకపోతే ఆఫీసే ఏదో ఒక దారి చూస్తుంది. ఫొటో ఫైల్లోకి పోతుంది.

ఈ నెల్లో తీసిన పదకొండు ఫొటోల్లో ఒక్కదాన్నీ ఎవరూ పోల్చుకోలేదు. పోయిన వారం ఒక పెద్దాయన అరగంట నిలబడి, "అన్నీ ఒకే మొహంలా ఉన్నాయేంటయ్యా" అని వెళ్ళిపోయాడు. ఆ మాట పొట్టిబాబుని తినేస్తోంది. తన చేతగానితనం వల్ల ఎవరి బిడ్డో ఎవరికీ కాకుండా పోతున్నాడు.

"ఏం చెయ్యను బావా?"

"ముందు ఆ ఫ్లాష్ ఆపు. మొహానికి పిండి పూసినట్టుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడనియ్. కెమెరా మొహానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అందకపోతే స్టూలెక్కు. వెనకాల ఆ చెత్తంతా కనపడకుండా తెల్లగుడ్డ వెయ్. ఫోకస్ కళ్ళ దగ్గర. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేట్టుండాలి. తొందరేం లేదు. నీ వాళ్ళు నా కస్టమర్లలా నస పెట్టరుగా."

ఆదివారం అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టి పాతిక ఫొటోలు తీశాడు. "కదలకుండా ఉండటం నా వల్ల కాదు నాయనా, పొయ్యి మీద పప్పు మాడుతోంది" అని ఆవిడ లేచిపోయింది.

సోమవారం కొత్తగా వచ్చినవాడికి పాతికేళ్ళుంటాయి. పొట్టిబాబు అతని మొహం తడిగుడ్డతో తుడిచాడు. జుట్టు దువ్వాడు. కిటికీ పక్కకి చేర్చి, స్టూలెక్కి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

సాయంత్రం బావ చాలాసేపు చూశాడు.

"ఇదిరా ఫొటో అంటే."

ఆ నోట మెచ్చుకోలు రావడం అదే మొదలు. పొట్టిబాబుకి నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది. ఆ సంబరంలో బావ ఫోన్ లాక్కుని, బొమ్మని పెద్దది చేసి, నలభై ఏళ్ళ అలవాటుకొద్దీ నాలుగు మెరుగులు దిద్దాడు. రంగు తేల్చాడు. ఎడమ కనుబొమ మీదున్న పాత గాటుని నున్నగా చెరిపేశాడు. పెళ్ళి ఫొటోల్లో ఎందరి మచ్చలనో మాయం చేసిన చెయ్యి అది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పొట్టిబాబూ గమనించలేదు. మర్నాడు దాన్నే అంటించాడు.

మూడో రోజు ఒకావిడ వచ్చింది. చెప్పులు అరిగిపోయాయి. చేతిసంచీలో ఒక నీళ్ళ సీసా. ఇలాంటి బోర్డులు చాలా చూసినట్టుంది, ఎవర్నీ ఏమీ అడగకుండా తిన్నగా వచ్చి, ఒక్కో మొహం మీదా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. ఆ పాతికేళ్ళవాడి దగ్గర వేలు ఆగింది.

"అచ్చం మా వాడే అనుకున్నాను" అంది. "కాదు బాబూ. మా వాడికి ఎడమ కనుబొమ మీద గాటుంటుంది. చిన్నప్పుడు గడప తగిలి పడ్డాడు. ఇతనికి లేదు." మళ్ళీ ఫొటో మీదికి వంగి, "లేదుగా?" అని పొట్టిబాబునే అడిగింది.

మొహం తుడిచేటప్పుడు ఆ గాటు మీదుగా తడిగుడ్డ పోనిచ్చింది పొట్టిబాబుకి గుర్తొచ్చింది; బోర్డు మీది ఫొటోలో అది లేదు.

ఆవిడ బల్ల మీద కూర్చుని రెండు గుక్కల నీళ్ళు తాగింది. మొహంలో అలసట కాస్త తగ్గినట్టనిపించింది.

చెప్పకపోతే లేచి వెళ్ళిపోతుంది. రేపు ఇంకో బోర్డు, ఎల్లుండి మరొకటి. ఈలోగా ఇక్కడ పది రోజులూ నిండిపోతాయి. పొట్టిబాబు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఫోన్ తీశాడు. బావ చెయ్యి పడకముందు తీసిన అసలు ఫొటో వెతికి, ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ బొటనవేలితో ఆ గాటు మీద నిమిరింది. ఒకసారి, ఇంకోసారి.

"బాగా తీశావు బాబూ" అంది. "వీడే. ఒక్కసారి చూపిస్తావా?"

పొట్టిబాబు మేకుకున్న తాళంచెవి తీసుకుని, ఆవిడని వెంటబెట్టుకెళ్ళి, శవాల గది తలుపు తెరిచి, నాలుగో సొరుగు మెల్లగా బయటికి లాగాడు.