బేరమాడని మనిషి

ఆ పెట్టని తినేసే ఉంటాడు. పెళ్లాం పిల్లలుంటే వాళ్లకీ పెట్టే ఉంటాడు.

పైగా ములక్కాడ వేసి వండించమని తనే చెప్పింది. ఆ మాట ఎందుకు అనాలి?

బుల్లమ్మ పొద్దుటి నుంచీ గుమ్మంలోనే కూర్చుంది. వీధిలో ఒక్క కోడి అలికిడి లేదు. నిన్న తెల్ల తొడుగుల వాళ్లొచ్చి ఊళ్లో కోళ్లన్నిటినీ గోతిలో పూడ్చేశారు. పక్షుల జ్వరమట. మనుషులకీ అంటుకోవచ్చట.

పోయిన వారం కోటబొమ్మాళి సంతకు పట్టుకెళ్లేటప్పటికే ఆ పెట్ట మెడ వాల్చేసింది. అలాంటిదాన్ని చచ్చేలోగా కోసుకోవడమో, అమ్మేయడమో ఊళ్లో అందరూ చేసేదే.

కొత్త మనిషి ఒకడు వచ్చి, నీలంగా మారిన దాని తురాయిని వంగి చూశాడు.

"ఏ ఊరమ్మా?"

చెప్పింది.

"మీ ఊళ్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఎండకి తూగుతన్నాది బాబూ, అంతే. ములక్కాడేసి వండించు, అమృతంలాగుంటాది."

బేరమాడలేదు. అడిగినంతా ఇచ్చి, సంచిలో వేసి మూతి బిగించి పట్టుకుపోయాడు. వెర్రిబాగులోడని ఆమె దారంతా నవ్వుకుంది.

ఇప్పుడు అతని ముఖం గుర్తు రావడం లేదు. గుర్తు లేదు కాబట్టి, వీధిలో ఎవరి ముఖం చూసినా అతనిదే అనిపిస్తోంది.

"మామ్మా! అందరూ రక్తం ఇచ్చేసినారు. నువ్వొక్కద్దానివే మిగిలినావు." నర్సు గౌరి గుమ్మంలోకే వచ్చేసింది.

"నాకేటీ లేదు. జొరం లేదు, దగ్గు లేదు."

"లేకపోయినా తియ్యాలి. జబ్బు తెలీకుండా వొచ్చి పోయిందేమో, దాన్ని తట్టుకునే బలం వొంట్లో పుట్టిందేమో, రక్తమే సెప్తాది. సెయ్యి సాపు."

బుల్లమ్మ చేతిని కొంగులోకి ఇంకా లోపలికి లాక్కుంది.

"నా వొంటి సంగతి ఒగ్గేయే. నానొక మనిషిని సంపేసినాను."

గౌరి చేతిలో సూది ఆగిపోయింది.

బుల్లమ్మ సంత సంగతంతా చెప్పేసింది, ములక్కాడతో సహా.

గౌరి పెదాలు బిగబట్టింది. ఆగలేదు, నవ్వొచ్చేసింది.

"నవ్వుతావేటే! ఆడి పిల్లలు..."

"ఆ పెట్టనెవులూ తినలేదు మామ్మా. ఆయన పశువుల డాక్టరుగారు. జీపులో వొచ్చి అడిగితే జబ్బు కోడిని మీరు సూపిస్తారేటి? కూరొండేస్తారు. అందుకే సంతలంట తిరిగి కొంటారు. నీ పెట్టని పరీక్ష సేస్తేనే మనూరి జబ్బు బయటపడింది."

"బాగున్నాడా?"

"గుండ్రాయిలాగున్నారు."

"ఓపాలి సూస్తానే. ఇటొస్తాడా?"

"ఇంకెందుకొస్తారు? ఈపాటికి పాతపట్నం సంతలో నీలాటి ఇంకో మామ్మ సేతిలో మోసపోతుంటారు."

బుల్లమ్మ కొంగులోంచి చెయ్యి తీసి, గాజులు పైకి తోసి, గౌరి ముందు చాపింది.