ఇంజను ఆపినా ఆగని ఈల

“అదిగో, మళ్లీ వచ్చింది. విన్నావా?” అంది వనజాక్షి, కారు కాలువ వంతెన దిగగానే.

మాలకొండయ్య కారు పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఊపిరి బిగబట్టి, చెవులు రిక్కించి విన్నాడు.

“ఏదీ?”

“ఇప్పుడు ఆగిపోయింది.”

“ఎట్టాంటి శబ్దంమే అది?”

“సన్నంగా, ఈల మాదిరి. అద్దాలేసుకుంటే బాగా వినపడతా ఉండాది.”

“ఇంజను ఆపినాక కూడానా?”

“ఆపినాకే ఇంకా బాగా.”

ఇదెక్కడి గోలరా దేవుడా అనుకున్నాడు మాలకొండయ్య. మైపాడు ఒడ్డున నిలబడి, వచ్చే పడవ ఎవరిదో ఇంజను చప్పుడును బట్టి చెప్పేసే మనిషి అతను. అలాంటివాడికి సొంత కారులో శబ్దం వినపడకపోవడమా! తల కొట్టేసినట్టయింది.

ఆ కారుకు ఇరవై రెండేళ్లు. ఉప్పుగాలికి కొత్త కార్లకే చిల్లులు పడే ఊళ్లో, దాని అడుగున తుప్పు మచ్చ కూడా లేదు. వేట నిషేధమప్పుడు అందరూ పడవలను ఒడ్డుకు లాగి మరమ్మతులు చేసుకుంటారు. మాలకొండయ్య తన పడవ పక్కనే కారునూ నిలబెట్టేవాడు. అడుగంతా మంచినీళ్లతో కడిగి, పడవకు పూసినట్టే దానికీ చేపనూనె పూసేవాడు. ఊళ్లోని పిల్లులన్నీ ఆ కారు కిందే కాపురం పెట్టేవి. ఆయిలు నల్లబడకముందే మార్చేవాడు, బెల్టు పగలకముందే కొత్తది వేయించేవాడు. ఎవరైనా నవ్వితే ఒకటే మాట.

“నడిసముద్రంలో నిలబడిపోయినాక ఎవుడొస్తాడురా? ఒడ్డున ఉండంగానే చూసుకోవాల.”

ఆ కారు మీద అంత పిచ్చి ఊరికే రాలేదు. చేపల వాసన అంటూ వనజాక్షిని గంపతో సహా నడిదారిలో బస్సు దించేశారొకసారి. మిట్టమధ్యాహ్నం ఆ గంప నెత్తిన పెట్టుకుని, కాళ్లు బొబ్బలెక్కి ఇంటికొచ్చింది. “ఇంక నువ్వు బస్సెక్కే పనిలేదు” అన్నాడు ఆ రోజు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ వనజాక్షే ఇప్పుడు ఇంటి ముందు దిగి, తలుపు వేస్తూ అనేసింది.

“ఆ ఈల ఏందో తేలేదాకా నేనీ కారెక్కను. నాకు బయంగా ఉండాది.”

ఆ పూట మాలకొండయ్యకు అన్నం సయించలేదు. ఆమె ఎక్కని కారు ఉంటేనేం, పోతేనేం!

మర్నాడు మెకానిక్ హెబ్రోనును పిలిపించాడు. హెబ్రోను రేడియేటరు మూత చూశాడు, గొట్టాలు చూశాడు, తలుపుల రబ్బర్లు తడిమాడు. వనజాక్షిని ఎక్కించుకుని ఊరంతా తిప్పుకొచ్చాడు.

“వచ్చిందా అక్కా?”

“రాలేదు నాయినా. ఆయన కూసుంటేనే వస్తది.”

“అయితే సీటు స్ప్రింగులేమో” అంటూ డ్రైవరు సీటు ఊడదీశాడు. స్ప్రింగులూ బాగానే ఉన్నాయి. “అన్నా, నీ కారు గుండ్రాయి మాదిరుండాది. ఊరికే దిగులు పడబాక.”

“మరి దానికి వినపడేదేంది, నా బొంద!”

మాలకొండయ్య ఉండబట్టలేక తానే స్పానరు పట్టుకుని కారు కిందికి దూరాడు. ఉన్న బోల్టులన్నీ మళ్లీ బిగించి ఇవతలికొచ్చి, మెట్టు మీద కూలబడ్డాడు.

“ఏందన్నా అంత చెమట?”

“ఉక్కరా. రేపో మాపో వాన పడద్ది” అన్నాడు, ఎడమ భుజం రుద్దుకుంటూ. “స్పానరు తిప్పీ తిప్పీ ఇదొకటి లాగతా ఉండాది.”

“అదిగో, వస్తా ఉండాది!” అంది గుమ్మంలోంచి వనజాక్షి.

మాలకొండయ్య చటుక్కున ఊపిరి బిగబట్టాడు. ఏమీ లేదు. హెబ్రోను ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత మాలకొండయ్యకు కాలు ఒకచోట నిలవలేదు. వలలు అల్లేవాడల్లా మధ్యలో లేచిపోయి కారులో కూర్చునేవాడు. అద్దాలన్నీ బిగించి, ఊపిరి బిగబట్టి వినేవాడు. సముద్రం హోరు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. నాకు చెవుడొచ్చిందా ఏంది అన్న అనుమానం పట్టుకుంది. చెవిలో కొబ్బరినూనె పోసుకున్నాడు. పక్కింటి రేడియోలో మాటలు కూడా వినపడుతున్నాయి, ఆ పాడు ఈల మాత్రం లేదు.

“నెల్లూరులో ఒకాయన ఉండాడంట” అంది వనజాక్షి, అతని అవస్థ చూసి. “చెవి పెట్టి వింటే చాలంట, లోపలేం చెడిందో చెప్పేస్తాడంట.”

“ఎవరు చెప్పినారు?”

“హెబ్రోనే.”

“ఆ మాట నాతో అనలేదే వాడు! పోదాం పద. నువ్వు ఎక్కనంటివి గదా?”

“ఈ ఒక్కసారికి ఎక్కుతా. నేను లేకపోతే ఈల ఎట్టుంటదో ఆయనకెవరు చెప్తారు?”

మాలకొండయ్యకు ప్రాణం లేచొచ్చింది. కారును పెళ్లికొడుకులా తయారుచేశాడు. దారి పొడుగునా “వస్తా ఉండాదా?” అని అడుగుతూనే ఉన్నాడు. వనజాక్షి తల ఊపుతూ, కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

నెల్లూరులో ఆమె చెప్పిన సందులో తిప్పి, ఆమె చెప్పిన గేటు ముందు ఆపాడు. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

“కారు బయటే పెట్టాల పెద్దాయనా.”

“బయట పెడితే లోపలాయన చూసేదేందయ్యా, నా మొహమా?” అని కస్సుమన్నాడు మాలకొండయ్య.

వనజాక్షి చెయ్యి చాపి తాళం తీసేసుకుని కొంగున ముడేసుకుంది.

“దిగయ్యా.”

“కారు లేకుండా లోపలికెందుకుమే? నీకేమన్నా మతి పోయిందా?”

“ఒడ్డున ఉండంగానే చూసుకోవాలని అనేది నువ్వే గదా.”

“అంటా. అయితే?”

వనజాక్షి కళ్లనిండా నీళ్లు. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆ ఈల కారుది కాదయ్యా, నీ రొమ్ములోది.”