తిన్నని గీత

అమ్మను పొట్టనబెట్టుకున్న వంశపారంపర్యపు వణుకు జబ్బునే అక్క ల్యాబులో ఎలుకలకు తెప్పించి పరిశోధిస్తోంది. పైకి ఎలుక కాలు నిలకడగా ఉన్నా, కండరంలో మొదలైన వణుకును దానికి అంటించిన సన్నని తీగ తెరమీద వంకర గీతలుగా చూపిస్తుంది.

ఆ రోజు చెల్లి పరుగున వచ్చింది. "పొద్దున చేతిలోంచి గ్లాసు జారిపోయిందక్కా. నాకూ ఆ తీగ పెట్టి చూడు."

అక్క ఆమె ముంజేతికి తీగలు అంటించింది. తెరమీద గీత తిన్నగా సాగింది.

"నీకేం లేదే, పిచ్చిదానా!" అంటూ అక్క ఏడ్చేసింది.

చెల్లికి ప్రాణం లేచొచ్చింది. "మరి నీదో? ఏదీ, చెయ్యి చాపు," అంది నవ్వుతూ.

"నాదెప్పుడో చూసుకున్నాను."

"ఏమొచ్చింది?"

అక్క ఎలుకల బోనులవైపు చూసింది. "అప్పట్నుంచే కదే, ఇంటికి కూడా రాకుండా వీటి దగ్గరే కూర్చుంటున్నాను."